చేయి నేర్చిన మాట

వేసవి వచ్చినది. బడులకు తాళములు పడినవి. తాటితోపులలో గెలలు దిగుచున్నవి. సెలవులలో పిల్లలను ఏమి చేయవలెనను ప్రశ్న ప్రతి సంవత్సరము వలెనే ఇప్పుడును ఇంటింట వినవచ్చుచున్నది. ఆ ప్రశ్నలోనే ఒక దోషమున్నది. ‘పిల్లలతో ఏమి చేయవలెను’ అని అడుగవలసిన చోట మనము ‘పిల్లలను ఏమి చేయవలెను’ అని అడుగుచున్నాము. ఒక్క విభక్తి మారినది. దానితో పెద్దల స్థానమే మారిపోయినది. మొదటి ప్రశ్న అడిగినవాడు పిల్లవాని ప్రక్కన కూర్చుండును. రెండవ ప్రశ్న అడిగినవాడు వానిని వేసవి శిబిరమునకో, ట్యూషనుకో, సెల్‌ఫోనుకో అప్పగించి తన పని చూచుకొనును.

పిల్లలతో ఇంటివద్ద చేయదగిన చిన్న చిన్న చేతిపనులను గూర్చి ఈ వారము నాలుగు మాటలు చెప్పదలచితిని. సాహిత్య పుటలలో ఈ ప్రసంగమేమని పాఠకులు ఆశ్చర్యపడవచ్చును. కొంచెము ఓపిక పట్టిన యెడల చేతిపనికిని, మన భాషకును గల చుట్టరికము వారికే బోధపడగలదు.

కొన్నేండ్ల క్రిందట, వేసవి సెలవులకు ముందు, ఒక పాఠశాలలో పిల్లల చేతిపనుల ప్రదర్శన జరిగినది. న్యాయనిర్ణేతలలో ఒకనిగా నన్నును పిలిచిరి. బల్లలపై వరుసగా థర్మోకోలుతో చేసిన ఆనకట్టలు, అగ్నిపర్వతములు, గ్రహమండలములు. ఒక ఆనకట్ట అందరి కన్నులను ఆకట్టుకొన్నది. మీట నొక్కిన తలుపులు లేచుచున్నవి. నీలిరంగు నీరు జారుచున్నది. దాని వెనుక నిలిచిన బాలుని, “ఈ తలుపు ఎట్లా లేస్తుంది బాబూ?” అని అడిగితిని. అతడు తల వంచుకొని, “తెలీదు సార్. నాన్న షాపులో చేయించారు” అనెను. ఆ మాటలో అబద్ధము లేదు, సిగ్గు మాత్రమున్నది. ఆ సిగ్గు న్యాయముగా పడవలసినది అతడు కాదు.

వరుస చివర, కిటికీ క్రింద, ఒక బాలిక నేలమీద కూర్చుండి యుండెను. ఆమె ముందు రెండు ముంజకాయ బుర్రలు, వాటి నడుమ ఒక పుల్ల, ప్రక్కన ఒక పంగలకర్ర. “ఇదేమిటమ్మా?” అంటిని. “బండండీ. ఎడం పక్కకి లాగేస్తోందండీ. ఎడం కాయ చిన్నది. రేపు ఇంకో కాయ తెచ్చి మార్చేస్తానండీ” అనెను. బండి ఎందుకు ప్రక్కకు పోవుచున్నదో ఆ పిల్లకు తెలియును. ఏమి చేసిన అది సరియగునో కూడ తెలియును. మేము ముగ్గురము కూడబలుకుకొని మొదటి బహుమతి ఆనకట్టకు ఇచ్చితిమి. తీర్పు కాగితముపై నేనును సంతకము చేసితిని. అది తప్పని ఆ నిమిషముననే తోచినది. కాని నోరు మెదపలేదు. ఆ సంతకము నన్ను నేటికిని బాధించుచునే యున్నది.

రెండవ సంగతి నా తరగతిలో జరిగినది. డిగ్రీ విద్యార్థులకు ప్రబంధ పాఠము చెప్పుచు, పెద్దన కవిత్వమును మెచ్చుకొనుటకు మన పెద్దలు ‘అల్లిక’ అను మాటను వాడిరని చెప్పి, “అల్లడానికి, పేనడానికి తేడా ఏమిటి?” అని అడిగితిని. తరగతి అంతయు నిశ్శబ్దము. అటుపిమ్మట వెనుక బల్లమీదినుండి ఒక విద్యార్థిని లేచి, తన చున్నీ అంచున వ్రేలాడు పోగులు రెండు తీసి, అరచేతుల నడుమ నుంచి ఒకే దిక్కునకు రుద్ది, “ఇది పేనడం సార్” అనెను. తరువాత మూడు పాయలు తీసి ఒకదానిపై నొకటి వేయుచు, “ఇది అల్లడం” అనెను. ఆమె నాయనమ్మ మంచములకు నులక పేనునట. నిఘంటువు రెండు పంక్తులలో చెప్పలేని భేదమును ఆ పిల్ల వ్రేళ్ళు రెండు నిమిషములలో చెప్పినవి. మిగిలినవారు మందమతులు కారు. వారి చేతులకు ఆ పని ఎన్నడును తగులలేదు. అందువలన వారి చెవులకు ఆ మాట అంటలేదు.

మన భాషలో ఎన్ని మాటలు చేతినుండి పుట్టినవో ఆలోచింపుడు. అల్లుట, పేనుట, నేయుట, కుట్టుట, మడచుట, మెలిపెట్టుట, చెక్కుట, దిద్దుట, అతుకుట, చుట్టుట. పురి, ముడి, పాయ, ఈనె, బెండు, ఇరుసు, చీల, పంగ. మనము కథ అల్లుదుము, మాటలో మెలిక పెట్టుదుము, చిక్కుముడి విప్పుదుము, నమ్మరాని దానిని కట్టుకథ అందుము. ఒక ముడిని గోళ్ళతో విప్పి ఎరుగని బాలునకు కథలోని చిక్కుముడి ఏమి తెలియును? మాట పుస్తకములో ఉండవచ్చును. అర్థము మాత్రము చేతిలో ఉన్నది. చేతినుండి పని పోయిన నాడు భాషనుండి ప్రాణము కొంచెము కొంచెముగా పోవును. ఇది భాషోపాధ్యాయులు, విద్యార్థులు శ్రద్ధతో గమనింపవలసిన నష్టము.

చేతితో చదువు చెప్పవలెనను భావము క్రొత్తది కాదు. జర్మనీ దేశములో ఫ్రోబెల్ 1837లో బ్లాంకెన్‌బర్గ్ అను ఊరిలో పసిపిల్లల విద్యాలయము నెలకొల్పి, కాగితము మడచుట, అల్లుట, మట్టితో రూపములు చేయుట మున్నగు పనులను పాఠములుగా పెట్టెను. సరిగా నూరేండ్లకు, 1937 అక్టోబరు 22, 23 తేదీలలో, వార్ధాలో గాంధీజీ అధ్యక్షతన విద్యా సమావేశము జరిగినది. ఏదేని ఒక చేతిపని కేంద్రముగా విద్య సాగవలెనని అచట నిర్ణయించిరి. జాకిర్ హుస్సేన్ అధ్యక్షతన ఏర్పడిన సంఘము దానికి పాఠ్యప్రణాళిక కూర్చెను. 1964–66 నాటి కొఠారీ కమిషను ‘పని అనుభవము’ అను పేరుతో దానినే మరల చెప్పెను. 2020 నాటి జాతీయ విద్యావిధానము 6 నుండి 8 తరగతుల మధ్య 10 రోజులు పుస్తకముల సంచి లేకుండ వడ్రంగి, కుమ్మరి, తోటమాలి వంటివారి యొద్ద పిల్లలు పని నేర్వవలెనని సూచించెను. కాగితముమీద మనకు లోటు లేదు. లోటు వచ్చినది ఆచరణలో. పని మార్కుగా మారినది. మార్కు కావలసినప్పుడు తండ్రి దుకాణమునకు పరుగెత్తును, దుకాణము ‘ప్రాజెక్టు’ను కట్టి ఇచ్చును, నావంటి న్యాయనిర్ణేత బహుమతి ఇచ్చును. ఈ గొలుసులో పిల్లవాని చేయి ఎచ్చటను లేదు.

అందుచేత మార్కులు లేనిచోట, అనగా ఇంటివద్ద, సెలవులలో, ఈ పనిని మరల మొదలుపెట్టవలెను. దీనికి దుకాణములో అమ్ము సామగ్రి పెట్టెలు అక్కరలేదు. ఇంటిలో ఉన్నదే చాలును. నేను స్వయముగా చేసినవి, పిల్లలచేత చేయించి చూచినవి నాలుగు పనులు ఇచట చెప్పుదును.

మొదటిది ఆ బాలిక చేసిన ముంజకాయల బండియే. ముంజలు తినివేసిన తరువాత మిగిలిన బుర్రలలో సమానమైనవి రెండు ఏరవలెను. జానెడు గట్టి పుల్ల నొకదానిని రెంటికిని నడుమ గ్రుచ్చిన అదియే ఇరుసు. నిలువెత్తు కర్రకు చివర పంగ ఉండవలెను. ఆ పంగను ఇరుసుపై ఆనించి నెట్టిన బండి పరుగెత్తును. పుల్ల బుర్రలలో బిగిసి యుండుటచేత రెండు చక్రములును కలిసియే తిరుగును. ఒక చుట్టులో పెద్దకాయ ఎక్కువ దూరమును, చిన్నకాయ తక్కువ దూరమును పోవును. అందుచేత బండి చిన్నకాయ వైపునకు మళ్ళును. చుట్టుకొలత అను పాఠము ఇంతకంటె సుఖముగా ఎచ్చట దొరకును? తాటిచెట్టు కనబడని పట్టణములో ఇదే బండిని రెండు సీసా మూతలతోను, ఒక చీపురుపుల్లతోను చేయవచ్చును. కత్తితో చేయవలసిన పని మాత్రము పెద్దలే చేయవలెను.

రెండవది అగ్గిపుల్లల బొమ్మలు. 1972లో మధ్యప్రదేశ్‌లోని హోషంగాబాద్ జిల్లాలో పిల్లలకు ప్రయోగములద్వారా విజ్ఞానము బోధించు కార్యక్రమము మొదలైనది. దానితో సంబంధము గల అరవింద్ గుప్తా అగ్గిపుల్లలను సైకిలు వాల్వుట్యూబు ముక్కలతో కలిపి త్రిభుజములు, చతురస్రములు, ఇండ్లు కట్టు పద్ధతిని పిల్లలకు నేర్పిరి. పనికిరాని వస్తువులతో ఆటబొమ్మలు చేయుటయే జీవితకృషిగా పెట్టుకొన్న ఆయనకు 2018లో పద్మశ్రీ లభించినది. పుల్లల తలలమీది మందును పెద్దలు ముందే గీసివేయవలెను. మూడు పుల్లలు, మూడు ట్యూబు ముక్కలు కలిపిన త్రిభుజము. నాలుగు కలిపిన చతురస్రము. రెంటిని వ్రేళ్ళతో నొక్కి చూడుమనవలెను. చతురస్రము ప్రక్కకు వాలిపోవును, త్రిభుజము వాలదు. చతురస్రమునకు మూలనుండి మూలకు ఇంకొక పుల్ల పెట్టిన అదియు వాలదు. ఆ పుల్ల మిగిలినవాటికంటె కొంచెము పొడవుగా నుండవలెనని పిల్లవాడు తనంత తానే కనుగొనును. తరువాత వంతెన మీదుగా పోవునప్పుడు ఇనుప దూలముల నడుమ త్రిభుజములు అతని కంటబడును. ఆ నాడు మీరు చెప్పవలసినది ఏమియు ఉండదు. అతడే మీకు చెప్పును.

మూడవది మన అమ్మమ్మల పని, కాగితపు గుజ్జు బుట్ట. పాత వార్తాపత్రికలు చింపి రెండు మూడు రోజులు నీటిలో నానవేయవలెను. రోజునకొకసారి నీరు మార్చవలెను. మెంతులు విడిగా నానవేయవలెను. నానిన కాగితమును పిండి, మెంతులతో కలిపి రోటిలోనో రుబ్బురోటిలోనో మెత్తగా రుబ్బవలెను. ఒక గిన్నెను బోర్లించి, దానిపై తడిగుడ్డ పరచి, గుజ్జును అంతటను సమానమైన మందముగా అద్దవలెను. నీడను ఆరిన తరువాత ఎండకు పెట్టిన బుట్ట గట్టిపడి గిన్నెనుండి ఊడివచ్చును. మెంతుల జిగురు కాగితమును పట్టి యుంచును. వాటి చేదు వలన పురుగు పట్టదని పెద్దలు చెప్పుదురు. కొండపల్లి బొమ్మలు చేయువారు చింతగింజల పిండిని, రంపపు పొట్టును కలిపి ‘మక్కు’ అనునది చేసి, దానితో పొణికి కర్ర బొమ్మల అవయవములను అతుకుదురు. వంటింటి మెంతిగుజ్జునకును, కొండపల్లి మక్కునకును మూలసూత్రమొక్కటే. చెరగని పిండి, జిగురు కలిసిన చోట కొత్త వస్తువు పుట్టును. ఇది తెలిసిన బాలుడు కొండపల్లి బొమ్మను అంగడిలో చూచినప్పుడు ధర అడుగుటకు ముందు దాని అతుకు ఎచ్చటనున్నదో వెదకును.

నాలుగవది అన్నిటికంటె సులభము, నా దృష్టిలో అన్నిటికంటె ముఖ్యము. అది తన పుస్తకమును తాను కుట్టుకొనుట. సంవత్సరాంతమున నోటుపుస్తకములలో వ్రాయక మిగిలిన కాగితములు ప్రతి ఇంట ఉండును. 8 జోడు కాగితములను ఒకదానిలో నొకటి పెట్టి నడుమకు మడచిన 16 ఆకులు, 32 పుటలు అగును. పాత క్యాలెండరు కాగితమును పైఅట్టగా మడవవలెను. మడత గీతపై నడుమ నొకటి, పైన నొకటి, క్రింద నొకటి, మూడు రంధ్రములు దబ్బనముతో పొడువవలెను. దారమెక్కించిన సూదిని లోపలినుండి నడిమి రంధ్రముగుండ బయటికి తీసి, పై రంధ్రముగుండ లోపలికి పంపి, లోపల నడిమి రంధ్రమును దాటించి క్రింది రంధ్రముగుండ బయటికి తీసి, మరల నడిమి రంధ్రముగుండ లోపలికి తేవలెను. లోపలి పొడుగు దారమునకు చెరియొక ప్రక్క రెండు కొసలు నిలుచును. వాటిని ఆ దారముపై ముడివేసిన పుస్తకము సిద్ధము. పిల్లవాడు మొదటిసారి తప్పక తప్పు కుట్టును. విప్పి మరల కుట్టనిండు. విప్పుటలోనే సగము విద్య ఉన్నది.

ఈ పనులలో పెద్దలు పాటింపవలసిన నియమము ఒక్కటే. ప్రక్కన కూర్చుండవలెను, పిల్లవాని పని లాగుకొనరాదు. ఇది వినుటకు సులభము, చేయుటకు కష్టము. పిల్లవాడు అతికించినది వంకర పోవుచుండగా మన చేయి ఊరకుండదు. “ఇట్లా ఇవ్వు, నేను చేస్తా” అందుము. ఆ మాటతో వస్తువు బాగుపడును, పిల్లవాడు చెడును. తాను చేసినదానికంటె తండ్రి చేసినది మేలని, తండ్రి చేసినదానికంటె దుకాణము చేసినది మేలని అతడు నేర్చుకొనును. ఇదే అలవాటు పెరిగి పెద్దదై కళాశాలకు వచ్చును. ఇతరులు వ్రాసిన వ్యాసమును తన పేరుతో ఇచ్చు విద్యార్థిని మేము ఏటేట చూచుచున్నాము. వానిని మందలించునప్పుడెల్ల నాకు ఆనకట్ట వెనుక తలవంచుకొని నిలిచిన బాలుడే జ్ఞాపకమునకు వచ్చును. వానికి ఆ దారి చూపినది మనమే. వంకర అతుకు నిజాయితీకి మొదటి పాఠము. దానిని సరిదిద్దుటకు తొందరపడకుడు.

ఒక ఆక్షేపణ వినవచ్చును. ఇద్దరు ఉద్యోగములకు పోవు ఇంట తీరిక ఎచ్చటిది? నిజమే. కాని పైన చెప్పిన పుస్తకము కుట్టుటకు అరగంట చాలును. ఆదివారమునకు ఒక్క అరగంట లేని ఇల్లు అరుదు. ఇంకొక ఆక్షేపణ దీనికంటె లోతైనది. తరతరములుగా కొన్ని కులములవారు చేతిపని చేసి చేసి అలసిరి. వారి పిల్లలు చదువుకొని ఆ పనినుండి బయటపడవలెనని కోరుచుండగా, మరల చేతిపని యనుట న్యాయమా? వార్ధా ప్రణాళికపై కూడ, పిల్లల పనివలన బడి ఖర్చు గడవవలెనను అంశము కారణముగా, నాడే విమర్శలు వచ్చినవి. ఆ విమర్శలో సత్యమున్నది. పిల్లవాని చేతిపని సంపాదనకు కాదు. ఏ పిల్లవానిని తండ్రి వృత్తికి కట్టివేయుటకును కాదు. దానిని అందరి పిల్లలును చేయవలెను. అప్పుడే అది న్యాయము. తన చేతులతో మట్టి పిసికి, పగిలిన కుండను చూచి కన్నీరు పెట్టిన బాలుడు కుమ్మరిని చిన్నచూపు చూడడు. నులక పేని వ్రేళ్ళు మండిన బాలిక నులక పేను ముసలమ్మతో బేరమాడునప్పుడు కొంచెము ఆగును. చేతిపనిని ఎరుగని చదువే చేతిపని చేయువానిని తక్కువగా చూచుట నేర్పినది. నా తరగతిలో అల్లికకు అర్థము చెప్పిన ఆ విద్యార్థిని, చెప్పిన వెంటనే, తన నాయనమ్మ పని బయటపడినందుకు కొంచెము ముడుచుకొని కూర్చున్నది. అర్థము తెలిసిన ఒక్క పిల్లయే తలవంచుకొనవలసి వచ్చుట మన విద్యకు గౌరవము కాదు.

కాబట్టి పిల్లలు తాము కుట్టిన పుస్తకమునకు ఒక ప్రయోజనము సూచింపుచున్నాను. దానికి ‘పనిమాటలు’ అని పేరు పెట్టుకొనుడు. ఈ సెలవులలో మీ అమ్మమ్మను, తాతయ్యను, మీ వీధిలోని వడ్రంగిని, దర్జీని, పూలు కట్టు అమ్మను, బుట్టలు అల్లువారిని కలిసికొనుడు. వారు తమ పనిముట్లను, పని తీరును ఏ మాటలతో చెప్పుదురో అడిగి, విన్నది విన్నట్లు వ్రాసికొనుడు. ప్రక్కన బొమ్మ గీయుడు. వీలైన ఆ పనిని ఒక్కసారి మీ చేతితో చేసి చూడుడు. ఒకే వస్తువునకు శ్రీకాకుళములో ఒక పేరు, అనంతపురములో ఒక పేరు, కరీంనగరములో ఇంకొక పేరు ఉండవచ్చును. ఏది సరి అని వాదింపకుడు, అన్నిటిని వ్రాయుడు. అన్నియు మనవే.

ఉపాధ్యాయులకు ఒక మనవి. జూన్‌లో బడి తెరచిన నాడు సెలవులలో ఏమి చేసితిరని వ్యాసము వ్రాయింపకుడు. ఆ పుస్తకములను తెమ్మనుడు. అందముగా నున్నదానికి మార్కు వేయకుడు. అసలు మార్కే వేయకుడు. ఒక్కొక్కరిని లేపి, “ఇది ఎట్లా చేశావు? ఎక్కడ తప్పు పోయింది? ఎట్లా సరిచేశావు?” అని మూడు ప్రశ్నలు అడుగుడు. తాను చేసినవాడు మూడింటికిని జవాబు చెప్పును. చేయనివానికి వచ్చే ఆదివారము ఉన్నది.

నేను ఆనాడు అడుగవలసిన ప్రశ్నలు ఇవే. అడిగియున్న యెడల మొదటి బహుమతి కిటికీ క్రింద కూర్చున్న ఆ బాలికకు చేరియుండెడిది. ఆమె మరునాడు ఇంకొక కాయ తెచ్చి బండిని సరిచేసికొన్నదనియే నా నమ్మకము. బహుమతి రాలేదని ఆ పిల్ల ఆగియుండదు. బండి ప్రక్కకు పోవుచున్నదని తెలిసినవారికి దానిని సరిచేయువరకు నిద్ర పట్టదు.